ఆటోనగర్‌లో మా పద్మిని బాగుచేయించిన షెడ్డు, నా రివ్యూ

పాత ప్రీమియర్ పద్మిని కారు కొని ఇంటిల్లిపాదీ కలిసి బాగుచేసుకుందాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. బెజవాడ ఆటోనగర్‌లో మేం బండి ఇచ్చిన షెడ్డు పేరు చెప్పను గానీ ఇంజన్ పని మాత్రం సూపర్ అండి. 1089 సీసీ బండి, కంప్యూటర్ గింప్యూటర్ ఏం ఉండదు, కార్బొరేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కి పంపేది) విప్పి, అందులో పెట్రోల్ వెళ్ళే సన్న జెట్లు పెట్రోల్లో కడిగి ఊది, ప్లగ్గులకి కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు ఎమరీ పేపర్‌తో రుద్ది గ్యాప్ సెట్ చేసి సెల్ఫ్ కొడితే టక్కున పట్టుకుంది. మేస్త్రి మా అమ్మాయి చేత కూడా పని చేయించాడు, "ఇటు పట్టుకోమ్మా, మరీ టైట్ చెయ్యకు" అంటూ, అందుకే ఫుల్ మార్కులు.

టింకరింగ్, అంటే బాడీ రేకు పని దగ్గరే ఒళ్ళు మండింది. డోర్ కింద తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యమంటే పైపైన పుట్టీ రాసి ప్రైమర్ కొట్టేశారు, నాన్న అయస్కాంతం పెడితే అంటుకోలేదు, దొరికిపోయారు! గొడవపడితే మళ్ళీ చేశార్లెండి, అదే ముందే డబ్బులన్నీ ఇచ్చేసుంటే అంతే సంగతులు.

నాన్న చెయ్యి స్టీరింగ్ పక్కనున్న గేర్ రాడ్ మీదకి దానంతటదే వెళ్తుంది, తమ్ముడికి మాత్రం ఇంకా రివర్స్ పడట్లేదు.

కొనేముందు ఛాసిస్ నంబర్ ఆర్సీతో కలుస్తుందో లేదో చూస్కోండి, 15 ఏళ్ళు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ (పాత బళ్ళ మీద వేసే పన్ను) తప్పవు. ఇంజన్‌కి 5కి 5, బాడీ పనికి 2 ఇస్తా, అదీ నాన్న మొహం చూసి.