మిద్దెతోట గ్రూపుకు టెలిగ్రామ్ టాపిక్స్ పనికొస్తాయా?

అనంతపురంలో మిద్దెతోట గ్రూపుల సంగతి తెలిసిందే. మందారానికి పిండినల్లి పట్టిందని ఒకరు అడుగుతారు. జవాబు వచ్చేలోపు గుడ్ మార్నింగులు, ప్లాట్ల ప్రకటనలు, ఎవరింట్లోనో పెళ్లి ఫొటోలు వచ్చి ఆ ప్రశ్నను పైకి తోసేస్తాయి. ఈ కలగాపులగాన్ని విడదీయడానికి టెలిగ్రామ్‌ 2022 నవంబరులో తెచ్చిన 'టాపిక్స్' సదుపాయం (ఒకే గ్రూపులో అంశానికో గది లాంటిది) వంద మంది దాటిన గ్రూపుకు బాగానే పనికొస్తుంది. ముప్ఫై మంది ఉన్నచోట మాత్రం దండగ. ఉన్న కాస్త మాటా నాలుగు చోట్లకు చెదిరిపోతుంది.

గ్రూపు పేరు నొక్కి, పెన్సిలు గుర్తులోకి వెళ్లి టాపిక్స్ ఆన్ చేయాలి. పాత మెసేజులన్నీ 'జనరల్'లో చేరతాయి. వెంటనే పర్మిషన్స్‌లో సభ్యులు కొత్త టాపిక్ తెరిచే వీలు తీసేయండి. లేదంటే వంకాయకొకటి, బెండకాయకొకటి పుట్టుకొస్తాయి. తెగుళ్లు, మట్టి-ఎరువులు, విత్తనాల మార్పిడి, నీళ్లు-ఎండ, చివరన రచ్చకట్ట, ఇంతే చాలు. రచ్చకట్ట తప్పనిసరి. కబుర్లకు చోటు లేకపోతే అవి తెగుళ్లలోకే దూరతాయి. వద్దనుకున్నవాళ్లు ఆ ఒక్క టాపిక్‌ను మ్యూట్ చేసుకోవచ్చు. ఈ సదుపాయంలో అసలు లాభం అదే.

ప్రతి టాపిక్‌లోనూ ముఖ్యమైన మెసేజును విడిగా పిన్ చేసి పైన నిలిపి ఉంచుకోవచ్చు. తెగుళ్లలో ఇది పెట్టండి: లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు, సాయంత్రమే పిచికారీ. మన ఎండలకు పగలు కొడితే ఆకు మాడుతుంది. అడిగిందే అడగడం దీంతో తగ్గుతుంది.

ఇక లోపాలు. దారి తప్పిన మెసేజును ఒక టాపిక్ నుంచి ఇంకోదానికి జరపలేం. అడ్మిన్ దాన్ని రచ్చకట్టకు ఫార్వర్డ్ చేసి, ఇక్కడ తీసేయాలి. దాని కింది జవాబులు తెగిపోతాయి కాబట్టి ఈ పని మొదటి రెండు మూడు మెసేజుల్లోనే జరగాలి. ముప్ఫై జవాబులయ్యాక ముట్టుకోకపోవడమే మేలు. "అన్నా, దీన్ని రచ్చకట్టలో మాట్లాడుకుందాం" అని ఒక ముక్క రాస్తే సరి. చెప్పకుండా తీసేస్తే మనిషి అలుగుతాడు, మళ్లీ మొక్క ఫొటో కూడా పెట్టడు.

ఒక మెసేజు పెట్టినవాళ్లు మళ్లీ పెట్టడానికి కాసేపు ఆగేలా చేసే స్లో మోడ్‌ను గంట దాకా పెట్టొచ్చు గానీ గ్రూపంతటికీ ఒకటే. రచ్చకట్టకు మాత్రమే కళ్లెం వేయలేం. టాపిక్‌లుగా కాకుండా మెసేజులన్నీ ఒకే వరుసలో చూసుకునేవాళ్లు రిప్లై నొక్కకుండా రాస్తే అది జనరల్‌లో పడుతుంది. కాబట్టి రోజుకొకసారి జనరల్ ఊడ్చాల్సిందే.

ఏది పక్కదారి అనేదాన్ని యాప్ తేల్చదు. కుళాయి నీళ్లు ఏ పూట వదులుతారన్నది ఎండాకాలంలో తోట విషయమే. బోరు వేసేవాళ్ల ప్రకటన కాదు. వచ్చే ఏప్రిల్‌లో వెతికేవారికి పనికొస్తుందా అని చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

అదే వాట్సాప్‌లో కొన్ని గ్రూపులను ఒకచోట చేర్చే కమ్యూనిటీలో ఒక్కో అంశానికి వేరే గ్రూపు కావాలి, అందులో మళ్లీ చేరాలి. పిన్ 30 రోజులకు మించి నిలవదు. టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు దాచుకోవచ్చు, ఆడవాళ్లు ఎక్కువున్న గ్రూపుకు ఇది పెద్ద సుఖం. అయితే పెద్దవాళ్లలో చాలామంది వాట్సాప్ వదిలి రారు. గ్రూపులో వాళ్లే ఎక్కువైతే ఈ మార్పు జోలికి పోవద్దు. ఉన్నచోటే కబుర్లకు ఇంకో గ్రూపు తెరవండి.