ఇంక్యుబేటర్లో నాటుకోడి పిల్లలు: మూత ఎప్పుడు తీయాలి?

కోనసీమలో మా ఇంట్లో ఒకటి, అనంతపురంలో మా అక్కావాళ్లింట్లో ఒకటి. ఒకే రకం ఇంక్యుబేటర్లు, ఒకేసారి ఆన్‌లైన్‌లో కొన్నవి. 48 గుడ్లు పట్టే ప్లాస్టిక్ పెట్టె, లోపల కనిపించే మూత, ఫ్యాను, రెండు గంటలకోసారి గుడ్లను దొర్లించే మోటారు. అప్పట్లో ధర ఆరువేల చిల్లర. కొన్నేళ్లుగా వాడుతున్నాం. వేడి విషయంలో మిషను బాగుంది, తేమ విషయంలో దాన్ని నమ్మకూడదు. పిల్ల బయటికి రాలేక ఇరుక్కుంటే మనం చెయ్యి పెట్టాలా వద్దా అన్న ప్రశ్న ఇరవయ్యొకటో రోజున ఎదురవుతుంది. కానీ దాని జవాబు చాలావరకు మొదటి రెండు వారాల్లో మనం పోసిన నీళ్లలోనే ఉంటుంది.

పెట్టలుండగా మిషను ఎందుకని అడిగేవాళ్లున్నారు. వనరాజా, గ్రామప్రియ లాంటి మేలురకం కోళ్లు గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగుకు రావడం అరుదు. మన నాటుపెట్ట పొదుగుతుంది, కాకపోతే దాని కింద పది పన్నెండు గుడ్లకు మించి పట్టవు. పొదిగి పిల్లల్ని తిప్పుకునే నెలల్లో గుడ్లు పెట్టదు. అందుకే మిషను. ఇక జాతి పుంజుల వాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఒక్కో గుడ్డే వందల్లో పడుతుంది కాబట్టి, ఏ గుడ్డునీ వదులుకోలేక చివర్లో తొందరపడేది కూడా ఎక్కువగా వాళ్లే.

ముందు మిషను సంగతి. ఫ్యాను ఉన్న పెట్టె కనుక 37.5 డిగ్రీలకు పెడితే మూలమూలకీ దాదాపు ఒకేలా ఉంటుంది. జ్వరం చూసే థర్మామీటరుతో సరిచూస్తే తేడా పెద్దగా లేదు. మోటారు ఇంతవరకు మొరాయించలేదు. 12 వోల్టుల బ్యాటరీకి కలుపుకునే సాకెట్ ఉంది, కొనే ముందు తప్పకుండా చూడాల్సింది అదే. కరెంటు ఓ గంట పోయినా కంగారు పడక్కర్లేదు. పెట్ట కూడా రోజుకోసారి మేతకు, నీళ్లకు లేచి వెళ్లి వస్తుంది కదా! గుడ్డుకు కాసేపు చల్లబడటం కంటే వేడెక్కడమే ప్రమాదం. ఈ పెట్టెకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో పెడితే గది వేడే 40 దాటుతుంది, అప్పుడు హీటరు ఆగిపోయినా లాభం లేదు. మా అక్క వేసవిలో దాన్ని మిద్దె కింది గదిలోకి మారుస్తుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. ట్రేలోని గుంటలు ఫారం గుడ్డు సైజుకు చేసినవి, 45 గ్రాముల నాటుకోడి గుడ్డు వాటిలో వదులుగా ఊగుతుంది. పక్కన చిన్న అట్టముక్క దోపితే సరిపోతుంది. నీళ్ల కాలువలు ట్రే కింద ఉన్నాయి, మూత తీయకుండా నీళ్లు పోసే దారి లేదు. ఇది చిన్న లోపం కాదు, ఎందుకో కింద చెబుతాను. తేమ చూపించే అంకె అయితే శుద్ధ దండగ. విడిగా ఓ తేమమాపకం కొని, దాన్నైనా పరీక్షించుకుని వాడాలి. ఉప్పును కొద్ది నీళ్లతో ముద్దగా తడిపి, ఆ గిన్నెతోపాటు మాపకాన్ని గాలి చొరని డబ్బాలో ఓ రాత్రంతా ఉంచితే అది 75 చూపాలి. ఎంత తేడా చూపిస్తే అంత కలిపో తీసేసో లెక్క వేసుకోవాలి.

మిషనుతో వచ్చిన కాగితం మొదటి రోజు నుంచే కాలువలో నీళ్లు నింపమంటుంది. అనంతపురంలో అది సరైన మాటే, కోనసీమలో కాదు. వానాకాలంలో మా దగ్గర 28 డిగ్రీల్లో తేమ 80 శాతం ఉంటుంది. ఆ గాలే పెట్టెలోకి వెళ్లి 37.5కి వేడెక్కితే దాని తేమ దాదాపు 47 శాతానికి వస్తుంది. మొదటి 18 రోజులకు కావాల్సింది 45 నుంచి 55. అంటే చుక్క నీరు పోయకపోయినా సరిపోయినట్టే. అదే వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 20 శాతం తేమ ఉన్న ఊళ్లో పెట్టెలోపల కూడా 20 దగ్గరే ఉంటుంది. అక్కడ నీళ్లు లేకపోతే గుడ్డు ఎండిపోతుంది.

కాగితం చెప్పినట్టు మా దగ్గర నీళ్లు పోస్తే ఏమవుతుంది? గుడ్డులోంచి పోవాల్సిన నీరు పోదు. మొద్దు కొనవైపు ఉండే గాలి గది చిన్నదిగా ఉండిపోతుంది. పిల్ల ఉబ్బి, ఇరవయ్యో రోజున ముక్కుతో ఆ గదిని పొడిచి తొలి ఊపిరి తీసుకునే వేళకు గాలి చాలదు, పైగా చుట్టూ నీరు. పెంకు చిట్లకుండానే చనిపోతుంది. ఇలాంటి గుడ్డును మనం కాపాడగలిగే సమయం ఉండదు, చెయ్యి పెట్టేసరికే అయిపోయి ఉంటుంది. అనంతపురం తరహా ఇబ్బంది దీనికి తలకిందులు. గాలి గది మరీ పెద్దదై, పెంకు లోపలి పొర ఆరిపోయి పిల్లకు అంటుకుంటుంది. చిట్లించిన పిల్ల తిరగలేక అక్కడే ఆగిపోతుంది. సాయం ఫలించేది ఎక్కువగా ఇలాంటి వాటికే.

అందుకే మేం తేమ అంకె కంటే తూకాన్ని నమ్ముతాం. వంటింటి డిజిటల్ కాటా చాలు. 18వ రోజుకు గుడ్డు బరువు 12, 13 శాతం తగ్గాలి. పది నాటు గుడ్లు కలిపి 450 గ్రాములుంటే, ఏడో రోజుకు 430, పద్నాలుగో రోజుకు 408, పద్దెనిమిదో రోజుకు 395 దగ్గరికి రావాలి. తగ్గకపోతే నీళ్లు తీసేయడం, మరీ తగ్గితే పోయడం, అంతే. ఏడో రోజున లైటు పెట్టి చూస్తూ రక్తనాళాలు లేనివాటిని తీసేసేటప్పుడే తూకం కూడా వేస్తే పని కలిసివస్తుంది. మురిగిన గుడ్డును లోపలే వదిలితే అది పేలిందంటే ఆ కంపు వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు.

మా అమ్మకు ఈ తూకాలన్నీ నవ్వులాట. "పెట్ట పొదిగినప్పుడు ఇవన్నీ ఎవరు చూశారే? అదే చూసుకునేది" అంటుంది. ఆవిడ పద్ధతి, 19వ రోజున గోరువెచ్చటి నీళ్లలో గుడ్డు వదిలి కదులుతోందా అని చూడటం. బతికున్న గుడ్డు నీళ్లమీద సన్నగా ఊగడం నిజమే, నేనూ చూశాను. అయితే కంటికి కనిపించని చిట్లు ఒక్కటున్నా నీరు లోపలికి పోతుంది. లైటుతో చూస్తే గాలి గదిలో ముక్కు నీడ కదులుతూ కనిపిస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే కిచకిచ వినిపిస్తుంది. ఆ రెండూ ఉండగా నీళ్ల పరీక్ష అక్కర్లేదు.

ఇక చివరి మూడు రోజులు. 18వ రోజున దొర్లించడం ఆపి, తేమ 65, 70కి పెంచి మూత వేసేయాలి. మా ఊళ్లో కూడా నీళ్లు పోసేది అప్పుడే. పిల్ల ముందు గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. ఆ తర్వాత సుమారు 12 నుంచి 24 గంటలకు పెంకు మీద నక్షత్రంలా చిన్న చిట్లు కనిపిస్తుంది. చాలామందికి ఓపిక పోయేది ఇక్కడే. చిట్లిన తర్వాత మరో 12 నుంచి 24 గంటలు పిల్ల ఏమీ చేయనట్టు కనిపిస్తుంది. నిజానికి అప్పుడే దాని ఊపిరితిత్తులు పూర్తిగా పనిలోకి వస్తాయి. పొరలోని నాళాల్లో ఉన్న రక్తం ఒంట్లోకి చేరుతుంది. మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోకి పోతుంది. ఆ పని పూర్తికాకుండా పెంకు ఒలిస్తే రక్తం కారుతుంది, సొనసంచి బయటే ఉండిపోతుంది.

అందుకని చిట్లు కనిపించగానే టైము ఓ కాగితం మీద రాసి మిషను మీద అంటిస్తాను. 24 గంటలు దాటేదాకా చూడటమే. ముందుగా బయటికొచ్చిన పిల్లల కోసం కూడా మూత తీయను. కడుపులో సొన ఉంటుంది కనుక రెండు రోజులు మేత లేకపోయినా వాటికేం కాదు. మూత తీస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, అప్పుడే చిట్లిన మిగతా గుడ్ల పొరలు ఆరిపోతాయి. ఒక పిల్లకు చేసిన సాయం నాలుగింటికి ఎసరు పెడుతుంది. నీళ్లు పోయాలన్నా మూత తీయాల్సిన పెట్టెను నేను తప్పుపట్టేది ఇందుకే.

24 గంటలు దాటినా చిట్లు పెరగకపోతే అప్పుడు గుడ్డు బయటికి తీసి చూస్తాను. పొర తెల్లగా, మెత్తగా ఉండి పిల్ల అరుస్తుంటే తిరిగి లోపల పెట్టేస్తాను. పిల్ల నోరు తెరుస్తూ మూస్తూ నములుతున్నట్టు చేస్తుంటే సొన ఇంకా లోపలికి పోతోందని గుర్తు, దాన్నీ ముట్టుకోను. పొర గోధుమరంగుకు తిరిగి తోలులా బిగిసి ఉంటే మాత్రం అంటుకుపోయినట్టే. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన ఇయర్ బడ్‌తో పొరను తడుపుతాను. తడిస్తే లోపలి నాళాలు కనిపిస్తాయి. ఎర్రటి గీతలు కనిపిస్తే కొబ్బరినూనె సన్నగా రాసి (ముక్కు రంధ్రాలకు తగలకుండా) కొన్ని గంటలు వదిలేస్తాను. ఎర్రగీతలు లేకపోతే గాలి గది ఉన్న మేర మాత్రమే పెంకు కొద్దికొద్దిగా తీసి, ముక్కును, తలను విడిపించి ఆపేస్తాను. రక్తపు చుక్క కనిపించిందా, అక్కడే ఆపాలి. కింది సగం పెంకును పిల్లే తన్నుకుని రావాలి, దాన్ని ఊడదీయడం మన పని కాదు.

24 గంటల లెక్కకు ఒక్క మినహాయింపు. సన్నటి కొనవైపు చిట్లితే పిల్ల తలకిందులుగా ఉందన్నమాట, అక్కడ దానికి గాలి గది లేదు. అలాంటప్పుడు ఊపిరాడేంత కన్నం వెంటనే పెద్దది చేసి, మిగతా పనికి ఆగుతాను.

చిట్లే లేని గుడ్లను 23వ రోజు దాకా ఉంచుతాను. వేడి కాస్త తగ్గినప్పుడు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా దిగేవి ఉంటాయి. అప్పటికీ లైటులో కదలిక లేకపోతే పారేయడమే.

సాయంతో బయటపడిన పిల్లల్లో మంచిగా పెరిగినవి ఉన్నాయి, కాళ్లు చీలిపోయి నిలబడలేనివీ ఉన్నాయి. అలాంటి కాళ్లకు బ్యాండేజీ పట్టీ ఇంగ్లీషు 8 అంకెలా కట్టి రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. బొడ్డు ఆరక చెమ్మగా ఉండి కంపు కొట్టేవి మాత్రం బతకడం కష్టం. ఏ కారణమూ లేకుండా ఇరుక్కున్న పిల్లను పెంచుతాం గానీ దాని గుడ్లు మళ్లీ పొదగడానికి వేయం.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 48 గుడ్ల పెట్టె ఒకటే కాకుండా, చివరి మూడు రోజుల కోసం దొర్లించే మోటారు లేని చిన్న పెట్టె ఇంకొకటి తీసుకోవడం మంచిది. పిల్లలు దిగాక నూగు, పెంకులు, మురికి అంతా అందులోనే ఉంటాయి కనుక పెద్దదాని ఫ్యానుకు నూగు పట్టదు. పెద్దదాంట్లో తర్వాతి విడత గుడ్లు ఆగకుండా తిరుగుతుంటాయి. బయటి నుంచి నీళ్లు పోసుకునే గొట్టం ఉన్న రకం దొరికితే నాలుగైదు వందలు ఎక్కువైనా అదే కొనండి.