మూడేళ్ళు చిప్ మీద ఆప్టమర్లు వెతికాక: కడగడం అద్భుతం, బుడగతోనే బాధ

క్యాన్సర్ కణాల మీదుండే ఎపిక్యామ్ ప్రొటీన్‌ని పట్టుకునే డీఎన్ఏ ఆప్టమర్ల (ఒక ప్రొటీన్‌కి అతుక్కునేలా మడత పడే చిన్న డీఎన్ఏ పోగులు) కోసం మూడేళ్ళుగా మైక్రోఫ్లూయిడిక్ చిప్ (సన్నని కాలువలున్న చిన్న పలక) మీద సెలెక్స్ చేస్తున్నా, హైదరాబాద్‌లో. సెలెక్స్ అంటే రకరకాల డీఎన్ఏ వరసల్ని ప్రొటీన్ అంటించిన అయస్కాంత పూసలతో కలిపి, అంటుకోనివి కడిగేసి, మిగిలినవాటిని పెంచి మళ్ళీ అదే చేయడం; అలా ఒక్కో విడతని రౌండు అంటాం. 2009లో అమెరికాలో శాంటా బార్బరా యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి చిప్ మీద ఒక్క రౌండులోనే బోటులినం టాక్సిన్ అనే విషానికి ఆప్టమర్ తీశారని చదివినప్పటి నుంచీ నాకు దీనిమీద మనసు.

నాకు బాగా నచ్చింది కడగడం. ట్యూబులో అయితే అయస్కాంతం పెట్టి పిపెట్‌తో ఎంత జాగ్రత్తగా లాగినా అడుగున కొంచెం ద్రవం మిగిలిపోద్ది, అందులో పనికిరాని డీఎన్ఏ కూడా. చిప్‌లో పూసలు అయస్కాంతం దగ్గర నిలబడి ఉంటే బఫర్ (కడిగే ఉప్పు ద్రావణం) ఆగకుండా పారుతుంది, పంపు వేగం పెంచితే గట్టిగా పట్టుకున్నవే మిగుల్తాయి. ఈ సుఖం అలవాటైతే మళ్ళీ ట్యూబు ముట్టుకోబుద్ధి కాదు.

కానీ బుడగ ఉంది చూశారూ, దానితోనే చచ్చే చావు. మే నెలలో ఓ రాత్రి నాలుగో రౌండు నడుస్తోంది, కరెంటు పోయి ఏసీ ఆగింది, పంపు యూపీఎస్ మీద తిరుగుతూనే ఉంది, నేనేమో ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్ నేరుగా సిరంజిలో ఎక్కించా, అది చిప్‌లోకొచ్చి వేడెక్కేసరికి కరిగున్న గాలంతా బయటికొచ్చి కాలువకి అడ్డంగా ఒక బుడగ కట్టింది. మైక్రోస్కోప్‌లో చూస్తూనే ఉన్నా, అది కదిలి పూసల్ని ఊడ్చుకుంటూ వేస్ట్ ట్యూబులోకి పోయింది. పూసలు అయస్కాంతంతో వెనక్కి తీయొచ్చు, తీశా కూడా, కానీ గంటసేపు కడిగి వదిలించిన చెత్త డీఎన్ఏ కూడా అదే ట్యూబులో ఉంది కదా, ఆ రౌండుకి ఇక అర్థం లేదు. మూడో రౌండు డీఎన్ఏ కొంచెం దాచాను కాబట్టి బతికిపోయా. అప్పటినుంచీ బఫర్ గది వేడికి వచ్చాక వాక్యూమ్‌లో గాలి తీసేస్తున్నా, చిప్‌ని మొదట ఇథనాల్‌తో తడిపి తర్వాతే బఫర్ పంపుతున్నా, ముందొక బబుల్ ట్రాప్ కూడా పెట్టా. చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

పైన కడగడాన్ని అంత పొగిడా గానీ ఒకటి చెప్పాలి. అంత బాగా కడుగుతోంది కదా అని మొదటి రెండు రౌండ్లలో ఉత్త పూసలతో కౌంటర్ సెలెక్షన్ (పూసకే అంటుకునే డీఎన్ఏని ముందే తీసేయడం) చేయలేదు. చివర్లో మిగిలిన వరసల్ని చదివే సీక్వెన్సింగ్‌లో అన్నిటికంటే ఎక్కువొచ్చిన వరస ఎపిక్యామ్‌ని కాదు, ఎపిక్యామ్‌ని పూసకి అంటించడానికి వాడే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటోంది. ఎంత కడిగినా బలహీనంగా అంటుకున్నవే పోతాయి, వేరే దానికి గట్టిగా అంటుకున్నవి పోవు. ఇంకా చిప్ మీద పని రెండు గంటలే అయినా బయట పీసీఆర్ (మిగిలిన డీఎన్ఏకి కాపీలు తీయడం), తర్వాత ఒంటిపోగు డీఎన్ఏ విడదీయడం కలిపితే రౌండుకి రోజు పడుతోంది.

చిప్ కొనాలా, చేసుకోవాలా, అసలు కావాలా అంటే, మాకు పక్కనే క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉంది, పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) చిప్ పాడైతే మర్నాటికి ఇంకోటి పోసుకుంటాం, కాబట్టి నేను మానను. ఆ వసతి లేకపోతే, టార్గెట్ ప్రొటీన్ సరిపడా ఉంటే, ట్యూబూ అయస్కాంతంతోనే మొదలెట్టండి. నా చేతిలో ఇప్పుడు రెండు వరసలు మిగిలాయి, ఎపిక్యామ్ ఉన్న కణాలకి అంటుకుంటున్నాయి, లేనివాటిని వదిలేస్తున్నాయి. రక్తంలో ఎలా ఉంటాయో ఇంకా చూడాలి.