పిన్నమ్మతో నాలుగు రోజులు మద్రాసులో

మా పిన్నమ్మకు 52 ఏళ్ళు. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నెల్లూరులో మా వీధిలో ఆమె కుట్టిన జాకెట్ తొడగని ఆడమనిషి లేదు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకు కుట్టిందో లెక్కలేదు కానీ, ఆ పెళ్ళిళ్ళలో ఒక్కదానికీ వెళ్ళలేదు. పిలవక కాదు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి, శుభలేఖ చేతిలో పెట్టి, చివర్లో అందరూ ఒకటే మాట: "నీకెందుకులే శ్రమ, ఫోటోలు పంపిస్తాం."

మొన్న మాఘమాసంలో మద్రాసులో ఉండే మా మామ కూతురి పెళ్ళి కుదిరింది. ఈసారి పిన్నమ్మ "నేనొస్తున్నా" అంది. అని, నాకు ఒక షరతు పెట్టింది. "నన్నెవరూ ఎత్తకూడదు. నెట్టండి, చెయ్యి పట్టుకోండి, తలుపు తియ్యండి. ఎత్తొద్దు. చిన్నప్పటి నుంచి సినిమాకు పోవాలన్నా గుడికి పోవాలన్నా ఎవరో ఒకరు మూటలా ఎత్తితేనే పోయాను. ఇప్పుడు ఓపిక లేదు నాయనా."

ఆ ఒక్క షరతుతో నాలుగు రోజులు తిరిగాం. వీల్‌చైర్ వాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఎక్కడికన్నా తీసుకెళ్ళాలని ఉండీ వెనకాడేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట రైలు అనుకున్నాం. రైల్లో రాయితీ బాగానే ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వికలాంగులకు స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లో 75 శాతం తగ్గింపు, తోడు వెళ్ళేవాళ్ళకూ అంతే. చాలా రైళ్ళలో చివర వెడల్పు తలుపు, పెద్ద బాత్‌రూం ఉన్న దివ్యాంగుల బోగీ కూడా ఉంటుంది. కానీ ప్లాట్‌ఫాం కంటే బోగీ నేల ఎత్తులో ఉంటుంది కదా, అక్కడ ఎవరో ఎత్తక తప్పదు. షరతు మొదటి మెట్టు మీదే తప్పేది. అందుకే తెలిసినాయన కారు మాట్లాడుకున్నాం. కారు సీటులోకి పిన్నమ్మ తనే జరుగుతుంది. వీల్‌చైర్‌కీ సీటుకీ మధ్య నున్నటి చెక్క పలక ఒకటి పెడితే చాలు, చేతుల బలంతో అటు వెళ్ళిపోతుంది. నలభై ఏళ్ళు మిషన్ కుట్టిన చేతులవి.

కారు మాట్లాడుకునేవాళ్ళు డిక్కీ సంగతి ముందే అడగండి. సీఎన్‌జీ బండ్లలో డిక్కీ నిండా సిలిండరే ఉంటుంది, మడత వీల్‌చైర్ పట్టదు. మద్రాసులో ఫోన్లో బుక్ చేసిన రెండు బండ్లు ఈ కారణంతోనే వెనక్కి వెళ్ళిపోయాయి.

దారిలో ఒక సంగతి గమనించాను. పొద్దున ఇంట్లో పిన్నమ్మ కాఫీ తాగలేదు. కార్లో నీళ్ళ సీసా ఇస్తే పక్కన పెట్టేసింది. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించేసిందట, మధ్యలో బాత్‌రూం అవసరం రాకుండా. నెల్లూరు నుంచి మద్రాసు 170 కిలోమీటర్ల పైమాట. ఎండ. ఇన్నేళ్ళు ఆమె ఆసుపత్రికి వెళ్ళినా, ఆఫీసుకు వెళ్ళినా ఇలాగే వెళ్ళి ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

సూళ్ళూరుపేట దాటాక హైవే మీద ఒక పెద్ద హోటల్ దగ్గర ఆగాం. వెనకవైపు వీల్‌చైర్ బొమ్మ ఉన్న బాత్‌రూం కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. తాళం వేసుంది. తాళంచెవి ఉన్నతను భోజనానికి వెళ్ళాడు. అతనొచ్చి తీస్తే లోపల చీపుర్లు, బకెట్లు, ఖాళీ నీళ్ళ క్యాన్లు. అవన్నీ బయటికి తీసేసరికి పావుగంట. ఆ పావుగంట పిన్నమ్మ తల దించుకుని కూర్చుంది. బాత్‌రూం కట్టడానికి డబ్బు పెట్టారు, పట్టుకునే స్టీలు కడ్డీలు కూడా బిగించారు. తాళం తీసి ఉంచితే సరిపోయేది. తిరిగొచ్చేటప్పుడు ఒక పెట్రోల్ బంకులో ఆగాం. అక్కడ కడ్డీలూ బొమ్మా ఏమీ లేవు, కానీ గడప లేదు, తలుపు వెడల్పు, కుర్రాడు అడగ్గానే నేల కడిగి ఇచ్చాడు. మాకు అదే మేలనిపించింది.

బస గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసపోయింది అక్కడే. ఆన్‌లైన్‌లో "వీల్‌చైర్ సౌకర్యం ఉంది" అని రాసుంటే చూసి, రెండు రాత్రులకు డబ్బు కట్టేశాను. అక్కడికెళ్తే లిఫ్ట్ ఉంది, గది విశాలంగా ఉంది. పిన్నమ్మ మెడలో ఎప్పుడూ ఉండే కొలత టేపు తీసి బాత్‌రూం తలుపు కొలిచింది. 22 అంగుళాలు. ఆమె వీల్‌చైర్ వెడల్పు 25. పైగా గడప నాలుగంగుళాలు. కౌంటర్లో అడిగితే "మా దగ్గర వీల్‌చైర్ ఉంది సార్, కావాలంటే ఇస్తాం" అన్నారు. వాళ్ళ దృష్టిలో వీల్‌చైర్ సౌకర్యమంటే అదే.

ఆ రాత్రికి ఇంకోచోటు వెతకడానికి మూడు గంటలు పట్టింది. చివరికి మైలాపూర్ వైపు, కింది అంతస్తులో గదులద్దెకిచ్చే ఒక ఇల్లు దొరికింది. ఫోన్ చేసి "బాత్‌రూం తలుపు మీద టేపు పెట్టి వీడియో తీసి పంపుతారా అమ్మా" అనడిగితే, ఆ ఇంటావిడ విసుక్కోకుండా ఐదు నిమిషాల్లో పంపింది. 30 అంగుళాలు. గుమ్మం దగ్గర ఒక్క మెట్టుంటే వాచ్‌మన్ ప్లైవుడ్ చెక్క వేశాడు. రోజుకు 2,800 రూపాయలు. ఆ డబ్బు పిన్నమ్మే కట్టింది, నన్ను కట్టనివ్వలేదు. నెలకు వచ్చే 6,000 పింఛన్ ఈ ప్రయాణానికే దాచిపెట్టిందట. "వికలాంగులకు వీలుగా ఉంటుందా" అని అడక్కండి, అందరూ ఉందనే అంటారు. తలుపు ఎన్ని అంగుళాలు, గడప ఎంత ఎత్తు, లిఫ్ట్ దాకా మెట్లున్నాయా, ఈ మూడూ అడగండి.

ఇక పెళ్ళి. మండపం ముందు మూడు మెట్లు, పక్కన ర్యాంపు. ర్యాంపు చూసి సంతోషించాను కానీ అది అండాలు, గిన్నెలు దించే తోపుడు బండ్ల కోసం కట్టింది. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలన్నది ర్యాంపు లెక్క. మూడు మెట్లు కలిపి 18 అంగుళాలు, అంటే 18 అడుగుల పొడవు కావాలి. అది ఆరడుగులే ఉంది. నేనూ మా బావమరిదీ వెనక నుంచి బలంగా నెడితే ఎక్కింది. దిగేటప్పుడు వెనక్కి తిప్పి దించాం. ఏటవాలు ఎక్కువున్నచోట ముందుకు దించితే మనిషి జారి పడిపోతుంది, జాగ్రత్త.

రిసెప్షన్ రాత్రి అసలు చిక్కు వచ్చింది. భోజనాల హాలు సెల్లార్‌లో ఉంది. కిందికి 22 మెట్లు, లిఫ్ట్ లేదు. నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు, "ఎత్తుకుపోతాం అత్తా" అంటూ. ప్రేమతోనే వచ్చారు. పిన్నమ్మ పట్టుచీర సర్దుకుని "వద్దు నాయనా" అంది. దాంతో ఒకరు పళ్ళెంలో అన్నీ వడ్డించి పైకి తెచ్చిచ్చారు. ఖాళీ అయిన హాల్లో, వరసగా పేర్చిన ఎర్ర కుర్చీల మధ్య, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఆమె ఒక్కతే తింది. నేను పక్కన కూర్చోబోతే "నువ్వు పోయి తినరా, పాయసం అయిపోతుంది" అంది. కింద నుంచి నవ్వులు, వడ్డించేవాళ్ళ కేకలు వినపడుతున్నాయి. ఒకటి రెండుసార్లు చెయ్యి ఆపి అటు చూసింది. ఇంకొకటి. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమెతో కాక నాతో మాట్లాడారు. "ఆమె కాఫీ తాగుతుందా?", "ఆమెకు ఫ్యాన్ గాలి పడుతుందా?" పక్కనే ఉంది, చక్కగా వింటోంది, నోరుంది. ఆమెనే అడగొచ్చు కదా.

ఇది మండపంవాళ్ళ దయాదాక్షిణ్యం మీద ఉండే సంగతి కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 'పబ్లిక్ బిల్డింగ్' అన్నప్పుడు ప్రభుత్వ భవనాలనే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలనూ కలిపే చెప్పింది. పాత భవనాలను వికలాంగులకు వీలుగా మార్చుకోవడానికి గడువూ పెట్టింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే సరిపోదని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు తయారు చేయమని కేంద్రానికి చెప్పింది. పెళ్ళికి హాలు మాట్లాడేటప్పుడు మనం కారు పార్కింగ్ అడుగుతాం, ఏసీ అడుగుతాం, జనరేటర్ అడుగుతాం. ఇది కూడా అడగడం మొదలుపెడితే వాళ్ళూ కట్టడం మొదలుపెడతారు.

ఆ రాత్రి మామతో మాట్లాడాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "నాకు తోచనే లేదురా" అన్నాడు. మర్నాడు ముహూర్తం అయ్యాక పైహాల్లోనే ఓ మూలన మూడు బల్లలు వేయించి, ఆకులు పరిపించి, సాంబారు బకెట్లు పైకి తెప్పించాడు. పిన్నమ్మ కోసం వేసిన బల్లలవి. చూస్తుండగానే మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ వచ్చి కూర్చుంది, నెలలు నిండిన వదిన వచ్చింది, బైపాస్ చేయించుకున్న పెదనాన్న వచ్చాడు. వాళ్ళంతా ముందురాత్రి ఆ 22 మెట్లూ పట్టుకుంటూ దిగినవాళ్ళే, ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చివరికి పెళ్ళికూతురే మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి పిన్నమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు కుట్టిన జాకెట్టు అత్తా, చూశావా ఎలా కుదిరిందో" అంటూ చెయ్యి చాపి చూపించింది. తను కుట్టిన జాకెట్‌ను పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురి ఒంటిమీద పిన్నమ్మ చూడటం అదే మొదటిసారి. చేతి అంచు దగ్గర పూసలు వేలితో తడిమి, "ఇక్కడ అరంగుళం లోపలికి పట్టాల్సింది" అంది.

ఊళ్ళో తిరగడం విషయంలో మద్రాసుకు మంచి మార్కులే వేస్తాను. మెట్రోలో లిఫ్ట్‌లు ఉన్నాయి, ప్లాట్‌ఫాం, బోగీ నేల దాదాపు ఒకే ఎత్తు. గవర్నమెంట్ ఎస్టేట్ నుంచి సెంట్రల్‌కు ఒక్క స్టేషనే అయినా పిన్నమ్మ అడిగిందని ఎక్కాం, మళ్ళీ వెనక్కి వచ్చాం. 2024 ఆగస్టు నుంచి సిటీలో లో ఫ్లోర్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. మేం ఎక్కినప్పుడు కండక్టర్ కిందికి దిగి తలుపు దగ్గరి పలకను వాల్చాడు. బస్సు రెండు నిమిషాలు ఆగింది, లోపల ఎవరూ గొణగలేదు. యాభై రెండేళ్ళలో పిన్నమ్మ సిటీ బస్సెక్కడం అదే మొదలు. మెరీనా రోడ్డులో లేడీ విల్లింగ్‌డన్ కాలేజీ ఆవరణలో 'మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్' అని ఒకటుంది, వీలుంటే తప్పక వెళ్ళండి. వికలాంగులకు రోజువారీ పనుల్లో ఉపయోగపడే పరికరాలు పెట్టారు. పిన్నమ్మ అక్కడ గంటన్నర ఉంది. ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూడాలనుకున్నాం, టైం చాలలేదు.

అన్నిటికన్నా నాకు మిగిలింది మెరీనా. వివేకానంద ఇల్లం దగ్గర రోడ్డు నుంచి ఇసుక మీదుగా సముద్రం వైపు 263 మీటర్ల పొడవున చెక్కబల్లల దారి వేశారు. అంతకుముందు డిసెంబరులో కొద్దిరోజులు మాత్రం తాత్కాలికంగా దారి పరిచేవారు. ఈ శాశ్వత దారిని 2022 నవంబర్ 27న తెరిచారు. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను చివరి భాగాన్ని దెబ్బతీసింది, మళ్ళీ బాగు చేశారు. శని, ఆదివారాల్లో సాయంత్రం జనం ఎక్కువ, మామూలు వాళ్ళు కూడా దాని మీదే నడుస్తారు. పొద్దున్నే వెళ్ళడం మంచిది.

మేం వెళ్ళింది పెళ్ళిరోజు సాయంత్రమే. దారి మొదట్లో పిన్నమ్మ "నువ్విక్కడే ఉండు" అంది. తనే చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళింది. ఒక్కో బల్ల సందు మీద చక్రం పడినప్పుడల్లా టక్, టక్ అని చప్పుడు. మధ్యలో ఒకచోట ఆగింది, చేతులు దులుపుకుంది, మళ్ళీ కదిలింది. నెల్లూరుకు మైపాడు బీచ్ ఎంత దూరమని! పాతిక కిలోమీటర్లు లేదు. రెండుసార్లు తీసుకెళ్ళాం కూడా, ఇసుకలో చక్రం దిగబడుతుందని కార్లోనే కూర్చోబెట్టి వచ్చాం.

నేను వెళ్ళేసరికి బల్లల చివర కూర్చుని ఉంది. తడి ఇసుక ఇంకా ఓ పదడుగుల అవతల ఉంది, తుంపర మాత్రం ముఖానికి తగులుతోంది. సుండల్, అంటే మన గుగ్గిళ్ళు, అమ్మే కుర్రాడు వచ్చి, నా వైపు చూడకుండా నేరుగా ఆమెనే "అక్కా, సుండల్?" అనడిగాడు. వచ్చిన కాస్త అరవంతో ధర తగ్గించమని బేరం పెట్టింది. వాడు తగ్గించలేదు. అయినా రెండు పొట్లాలు కొని, ఒకటి నాకిచ్చింది.

ఊరికొచ్చిన పది రోజులకు కావలి నుంచి ఇంకో పెళ్ళి పిలుపు వచ్చింది. వాళ్ళు "ఫోటోలు" అనేలోపే పిన్నమ్మ కళ్యాణమండపం నంబర్ అడిగి తీసుకుంది. నా ముందే ఫోన్ చేసింది.

"బాబూ, మీ భోజనాల హాలు ఎన్నో అంతస్తు? లిఫ్టుందా? లేదా... వద్దు వద్దు, ఎత్తక్కర్లేదు. కింద నాలుగు బల్లలు వేయించండి. నాతో కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు."