ది కిడ్ ఫ్రమ్ బ్రూక్లిన్ (1946): ఏళ్ల తరబడి చూశాక నా మాట

హాలీవుడ్ కామెడీ నటుడు డానీ కే సినిమాల్లో జనం పెద్దగా పట్టించుకోనిది ఇది. డిస్క్ చాలా కాలంగా నా దగ్గరుంది, అప్పుడప్పుడూ తీసి చూస్తూనే ఉంటాను. విడిగా చూస్తే ఓ మోస్తరు కామెడీ. దీనికి మూలమైన, హెరాల్డ్ లాయిడ్ అనే మరో హాస్యనటుడు చేసిన ‘ది మిల్కీ వే’ (1936) కూడా పక్కనుంటేనే దీని మజా తెలుస్తుంది.

రెండింటి కథా ఒకటే. చెల్లెల్ని ఏడిపిస్తున్న ఇద్దరికి పాలబ్బాయి అడ్డుపడతాడు. అతను తల వంచేసరికి, అతనికి తగలాల్సిన గుద్దు వాళ్లలోనే ఒకడైన బాక్సింగ్ ఛాంపియన్‌కి తగిలి వాడు కూలబడతాడు. పేపర్లేమో పాలబ్బాయే పడగొట్టాడని రాసేస్తాయి. ఆ ఛాంపియన్ మేనేజర్ ఊరుకుంటాడా? ముందే మాట్లాడుకున్న పోటీల్లో గెలిపిస్తూ అతన్ని బాక్సర్‌ని చేసేస్తాడు.

పాత సినిమాలు, పోస్టర్లు సేకరించేవాళ్లని లాగేది మాత్రం తెరవెనక సంగతి. రీమేక్ కోసం హక్కులు కొన్న నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్, పాత సినిమా నెగటివ్‌నీ, దాదాపు ప్రింట్లన్నిటినీ నాశనం చేయించాడు. లాయిడ్ తన సొంత నైట్రేట్ ప్రింట్ (అప్పట్లో వాడిన, తేలిగ్గా అంటుకునే ఫిల్మ్) దాచుకోబట్టి అది బతికింది. ఇది తెలిశాక గోల్డ్‌విన్ సినిమాని కొంచెం కోపంగానే చూస్తాం. నటుడు లయనెల్ స్టాండర్ అయితే రెండింట్లోనూ ఛాంపియన్ వెంట ఉండే స్పైడర్ షుల్ట్జ్ వేషమే వేశాడు. పదేళ్ల తర్వాత కూడా అదే బొంగురు గొంతు!

డబ్బు మాత్రం తెర నిండా కనిపిస్తుంది. టెక్నికలర్ అనే ఖరీదైన రంగుల పద్ధతి, పైగా కెమెరా ‘సిటిజన్ కేన్’కి పనిచేసిన గ్రెగ్ టోలండ్. చెల్లెలిగా వేసిన వెరా-ఎలెన్ డాన్స్ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. కానీ 113 నిమిషాలు మరీ ఎక్కువ, పాట మొదలైతే చాలు కథ ఆగిపోతుంది. లాయిడ్ ఇదే కథని గంటన్నరలో ముగించాడు. బ్యాలే మీద వెక్కిరింపుగా తీసిన ‘పావ్లోవా’ పాటకి కథతో పనే లేదు. నేను రిమోట్‌తో దాటెయ్యనిది మాత్రం అదే.

పోస్టర్లు కొనేవాళ్లకి రెండు మాటలు. 27 బై 41 అంగుళాల మామూలు సినిమా పోస్టర్‌ని (దీన్నే వన్ షీట్ అంటారు) అప్పట్లో మడతపెట్టే పంపేవారు, కాబట్టి మడత గీతలుంటే బెంగ పడకండి. అసలు గీతే లేకపోతే ఎందుకో అడగండి. కింది అంచున నంబర్ 46తో మొదలవ్వాలి. నంబర్‌కి ముందు ‘ఆర్’ ఉంటే మళ్లీ విడుదల చేసినప్పటిదన్నమాట. థియేటర్ లాబీలో పెట్టే 11 బై 14 అంగుళాల లాబీ కార్డుల్లో అమ్మేవాళ్లు కే, హీరోయిన్ వర్జీనియా మేయో ఉన్నవే ముందు చూపిస్తారు. నేను వెతికేది స్టాండర్ ఉన్న కార్డు.