చంద్రతాల్: టెంటు సంగతి తర్వాత, ముందు దారి సంగతి

హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్ సరస్సు అనగానే అందరూ మొదట అడిగేది "ఏ క్యాంపు బాగుంటుంది?" అని. మా బ్యాచ్ వెళ్లొచ్చాక నన్ను అడిగినవాళ్లకి నేను చెబుతున్నది ఒకటే: ముందు ఏ వైపు నుంచి వెళ్తున్నారో తేల్చుకోండి. మనాలి ఉండేది 2,050 మీటర్ల ఎత్తులో. సరస్సు సుమారు 4,250 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున మనాలిలో టిఫిన్ చేసి సాయంత్రానికి అక్కడ దిగితే, ఒక్క పగటిలో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కేసినట్టు. అలా వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ రాత్రి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. ఎంత డబ్బు పోసిన టెంటైనా దానికేం చేయలేదు.

మేము ముందు స్పితి లోయ తిరిగి, అక్కడి ముఖ్య పట్టణమైన కాజా వైపు నుంచి వచ్చాం. కాజా కూడా 3,600 మీటర్ల పైచిలుకే. అక్కడ కొన్ని రాత్రులు గడిపాం కాబట్టి ఒంటికి ఎత్తులోని ఆ పలచని గాలి అలవాటైంది. క్యాంపులో మా పక్క టెంటు కుర్రాళ్లు మనాలి నుంచి నేరుగా వచ్చారట, రాత్రి భోజనానికి కూడా లేవలేదు. మేమేమో పప్పు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాం.

కాజా నుంచి తెల్లవారుజామున హిమాచల్ ఆర్టీసీ బస్సు ఉంటుంది. సీజన్‌ని బట్టి టైమింగ్ మారుతుంది, అందుకని ముందురోజు సాయంత్రమే బస్టాండ్‌లో కనుక్కోవడం మంచిది. టాక్సీ మాట్లాడుకుంటే సుఖమే, కానీ ఖర్చు నలుగురైదుగురు పంచుకుంటే తప్ప గిట్టదు. బస్సు లోసర్ అనే ఊళ్లో టీకి ఆగి, ఆ తర్వాత కుంజుం కనుమ ఎక్కుతుంది. 4,500 మీటర్లు దాటిన చోటు అది. పైన కుంజుం మాత గుడి ఉంది. ఆ దారిన పోయే బండ్లు గుడి చుట్టూ తిరిగి వెళ్లడం ఆనవాయితీ. మా డ్రైవరూ బస్సుతో ప్రదక్షిణ చేయించాడు.

అక్కడ మేం రెండు జట్లయ్యాం. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు బస్సులోనే కనుమ అవతల కింద ఉన్న బటల్ అనే మజిలీ దాకా వెళ్లి, అక్కడి నుంచి సరస్సు వైపు 14 కిలోమీటర్లు జీపులో వస్తామన్నారు. మిగిలినవాళ్లం బ్యాగులు తగిలించుకుని కుంజుం నుంచి సరస్సుకి కాలిబాట పట్టాం. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. ఎడమ చేతి వైపు ఎక్కడో కింద చంద్రా నది, దాని అవతల హిమానీనదాలు వేలాడుతున్న చంద్రభాగ పర్వతాలు. చెట్టు అనేది లేదు. ఎక్కుడు తక్కువే, కానీ ఈ ఎత్తులో చదును నేల మీద కూడా ఆయాసం వస్తుంది.

దారిలో మంచు కరిగి పారే వాగులు దాటాలి. మధ్యాహ్నం ఎండకి ఇవి ఉబ్బుతాయి, అందుకే తొందరగా బయల్దేరితే మేలు. ఒకచోట రాళ్ల మీద గెంతడం కుదరక బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడలో వేసుకుని, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి దిగాం. నాలుగు అడుగులకే పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. అవతలి గట్టున కూర్చుని తువ్వాలుతో రుద్దుకుంటుంటే స్పర్శ సూదులు గుచ్చినట్టు తిరిగొచ్చింది. చలికి కాదు గానీ ఆ పొడుపులకి అందరం కేకలు పెట్టాం.

జీపులో వచ్చినవాళ్లు మాకన్నా హాయిగా వచ్చి ఉంటారనుకున్నాం. కాదు. ఆ 14 కిలోమీటర్ల దారి ఒక బండికే సరిపోయేంత ఇరుకు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు లోయ అంచున వెనక్కి తీయాల్సిందే. "కళ్లు మూసుకుని వచ్చాం, ఏం చూడలేదు" అన్నారు. నడక ఓపిక ఉంటే కుంజుం బాటే నయం అని నా తీర్పు.

ఇక బస. చంద్రతాల్ 2005లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు. క్యాంపులన్నీ రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతాయి. మేం ఫోన్లో బుక్ చేసిన క్యాంపు వాళ్లు మాత్రం "టెంట్లోంచే సరస్సు కనిపిస్తుంది సార్" అన్నారు. తీరా చూస్తే కనిపించింది ఎదుటి గుట్ట, దాని కింద వంటవాళ్ల టెంటు. కాబట్టి లేక్ వ్యూ పేరుతో ఎవరైనా పైసలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

టెంట్లు రెండు రకాలు. లోపలే బాత్రూమ్ ఉన్న పెద్ద స్విస్ టెంట్లు, చిన్న డోమ్ టెంట్లు. చలి తట్టుకోవాలంటే నా ఓటు డోమ్‌కే. ముగ్గురు దూరితే ఊపిరి వేడికే కాస్త వెచ్చబడుతుంది. పెద్ద టెంటు కల్యాణ మండపంలా ఉంటుంది, ఎన్ని రజాయిలు కప్పుకున్నా చలి మూలల్లోంచి వస్తూనే ఉంటుంది. అటాచ్డ్ బాత్రూమ్ అంటే అక్కడ బకెట్టు నీళ్లే, తెల్లారేసరికి పైన మంచు పొర కట్టి ఉంటుంది. బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మనిషికి ఎన్ని రజాయిలు, ఆక్సిజన్ సిలిండర్ ఉందా, అవసరమైతే రాత్రిపూట కిందికి దింపడానికి బండి ఉంటుందా. మా క్యాంపులో సిలిండర్ ఉంది, చూపించమంటే చూపించారు. భోజనమూ వేడివేడిగా పెట్టారు. వ్యూ విషయంలో అబద్ధం చెప్పినా ఈ రెండింటికి మార్కులు వేయాలి.

సరస్సుకి పార్కింగ్ నుంచి చివరి కిలోమీటరు నడవాలి. మధ్యాహ్నం వెళ్తే గాలి లేచి నీళ్లన్నీ అలలు, కొండల ప్రతిబింబాలు ఉండవు. ఫొటోల కోసమైతే తెల్లారగానే వెళ్లాలి. మేం వెళ్లేసరికి నీళ్లు నల్లగా ఉన్నాయి, ఎండ దిగేకొద్దీ ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. అవతలి ఒడ్డున చక్రవాకాలు జంటగా ఈదుతున్నాయి. సరస్సు చుట్టూ బాట ఉంది, నెమ్మదిగా తిరిగి రావచ్చు. నీళ్లలో దిగకూడదు, దిగాలనిపించేంత వెచ్చగానూ ఉండవు.

ధర్మరాజుని ఇంద్రుడు రథమెక్కించుకుని స్వర్గానికి తీసుకెళ్లింది ఇక్కడి నుంచేనని స్థానికంగా చెప్పుకుంటారు. క్యాంపు నుంచి ఒక నల్ల కుక్క మా వెనకాలే వచ్చింది. మా వాడొకడు దాని వైపు తిరిగి, "ఇంకా టైముంది, ఈఎమ్ఐలు ఉన్నాయి, వెనక్కి పో" అని దండం పెట్టాడు. అది పోలేదు, బిస్కెట్లు అయ్యేదాకా మాతోనే ఉంది.

డబ్బు చూసుకోవాలంటే బటల్‌లో పడుకోవడం తెలివైన పని. ఎత్తు కొంచెం తక్కువ, ఖర్చు చాలా తక్కువ. నది పక్కన దశాబ్దాలుగా ఓ పెద్ద వయసు దంపతులు నడుపుతున్న ఢాబా ఉంది, అందరూ చాచా-చాచీ ఢాబా అంటారు. మంచులో చిక్కుకున్న ఎందరికో అన్నం పెట్టి ఆశ్రయమిచ్చిన చోటు. రాజ్మా చావల్ తిన్నాం. ఈ ట్రిప్ మొత్తంలో కడుపు నిండింది అక్కడే. లోపల వరసగా పరుపులు, మందమైన రజాయిలు. ప్రైవసీ అంటూ ఏమీ ఉండదు, పక్కవాళ్ల గురకతో సహా అన్నీ ఉమ్మడే.

ఎప్పుడు వెళ్లాలంటే, సెప్టెంబర్ అంటాను. జూన్‌లో దారి తెరిచినా వాగుల గొడవ ఎక్కువ. జులైని నమ్మలేం. 2023 జులైలో మంచు కురిసి దాదాపు 300 మంది పర్యాటకులు ఈ క్యాంపుల్లోనే రోజుల తరబడి ఇరుక్కుపోయారు, కొందరిని హెలికాప్టర్‌లో తరలించారు. సెప్టెంబర్‌లో చలి పెరుగుతుంది గానీ ఆకాశం తేటగా ఉంటుంది. వెనక్కి రావడానికి ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోండి, విమానం టికెట్ మర్నాటికే బుక్ చేసుకుంటే టెన్షన్ తప్పదు.

తిరుగు ప్రయాణం బటల్ నుంచి మనాలి వైపు అదే ఆర్టీసీ బస్సులో. సీటు దొరకలేదు, మనాలి రోడ్డు కలిసే గ్రాంఫు దాకా రాళ్ల మీద ఎగురుతూ నిలబడే వచ్చాం. అటల్ టన్నెల్ చేరాక కానీ తారురోడ్డు సుఖం తెలియలేదు. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు మాత్రం ఈ బస్సు జోలికి పోకుండా, కాజాలోనే జీపు మాట్లాడుకుని, సరస్సు చూపించి, రాత్రికి అక్కడ ఉండకుండా మనాలి దిగిపోవచ్చు. నగదు కాజాలోనే తీసి పెట్టుకోండి. క్యాంపులో మా ఫోన్లకి ఒక్క గీత సిగ్నల్ కూడా రాలేదు, క్యూఆర్ కోడ్ గోడకి అందంగా అంటించి ఉంది.