విశాఖలో ఉండి రోమన్ పెంకులు చదివాను: దూరవిద్యలో క్లాసికల్ ఆర్కియాలజీ ఎంఏ

ముందే చెప్పేస్తాను: చదువు అద్భుతం, డిగ్రీ అంతంతమాత్రం. గ్రీకు, రోమన్ ప్రపంచాల పురావస్తు శాస్త్రాన్నే క్లాసికల్ ఆర్కియాలజీ అంటారు. ఇది ఎంఏగా మన దేశంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికితే నాకు దొరకలేదు. దాంతో ఉద్యోగం మానకుండా, ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే ఉండి, ఒక బ్రిటిష్ యూనివర్సిటీలో దూరవిద్య పద్ధతిలో పార్ట్‌టైమ్‌గా చదివాను. పట్టా వచ్చి కొన్నేళ్లయింది. ఆ మురిపెం తీరిపోయింది కాబట్టి ఇప్పుడు రాయొచ్చు.

పేరు వినగానే పాలరాతి విగ్రహాలు, ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి, అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపే నగరం గుర్తొస్తాయి. అవీ ఉంటాయి గానీ, అసలు బరువంతా కుండపెంకులదే. రోమ్‌లో మోంటే టెస్టాచ్చో అని సుమారు 35 మీటర్ల ఎత్తున్న గుట్ట ఒకటి ఉంది. మొత్తం పగిలిన జాడీలే. ఎక్కువ భాగం ఇప్పటి దక్షిణ స్పెయిన్ నుంచి ఆలివ్ నూనె తెచ్చినవి. కొన్నింటి మీద బరువు, వ్యాపారి పేరు సిరాతో రాసి ఉంటాయి, ఇప్పటికీ చదవొచ్చు. హైన్రిఖ్ డ్రెస్సెల్ అనే ఆయన ఈ రాతల్ని చదివి, జాడీల ఆకారాలకి నంబర్లు వేశాడు. 1899లో అచ్చయిన ఆ పట్టిక నంబర్లే ఇప్పటికీ వాడుతున్నారు. ఆ నూనె జాడీ పేరు డ్రెస్సెల్ 20. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీ పట్టి డిగ్రీ గట్టెక్కిన నాలాంటివాళ్లకి, ఒక నగరం ఏం తిన్నదో దాని చెత్తకుప్పలో లెక్కలు తీయడం పెద్ద కిక్కు. మా మేనత్త మాత్రం ఇప్పటికీ "ఆ పెంకుల చదువు వల్ల ఏం వచ్చిందే?" అనే అడుగుతుంది.

విశాఖలో ఉండటం ఒక రకంగా కలిసొచ్చింది. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది కదా, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వినప్పుడు శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. ఆదివారం ఫొటోషూట్లకి వచ్చే జంటలకి ఈ సంగతి తెలిసినట్టు కనపడదు, చెప్పే బోర్డులూ తక్కువే. బౌద్ధ భిక్షువులుండే కొండ మీదికి రోమన్ నాణెం ఎలా వచ్చింది? నా డిసర్టేషన్ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ మన కోస్తాలోని మసాలియా గురించి, అక్కడి సన్నబట్టల గురించి చెబుతుంది. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లీనీ వాపోయాడు. ఇవి చదివాక రోమన్లు ఇక్కడ వీధుల్లో తిరిగారని రాసేయాలనిపిస్తుంది. కోర్సు ఆ ఉత్సాహానికి కళ్లెం వేస్తుంది. నాణెం ఎన్నో చేతులు మారి వచ్చి ఉండొచ్చు, ఎవరో వర్తకుడు విహారానికి దానమిచ్చి ఉండొచ్చు.

దీనికి పాఠంలో చెప్పే ఉదాహరణ పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు. 1945లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వి, ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర మెరుపు పళ్లేల ఆధారంగా పొరలకి కాలం కట్టాడు. అంతవరకు బాగానే ఉంది. చక్రాల గీతలున్న రూలెటెడ్ పాత్రలు కూడా మధ్యధరా సరుకేనని ఆయన అనుకున్నాడు. తర్వాతి పరిశోధకులు మట్టిని పరీక్షిస్తే అవి ఇక్కడివేనని తేలింది. ఒకే గుంటలో దొరికిన రెండు రకాల పెంకుల్లో ఒకటి ఇటలీది, ఇంకోటి మనది. ఈ జాగ్రత్త నేర్పినందుకు ఈ కోర్సుకి పూర్తి మార్కులు.

లాటిన్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని శబ్దాలు వల్లించినవాళ్లకి విభక్తులు కొత్త కాదు. ప్రాచీన గ్రీకులోనైతే ద్వివచనం కూడా ఉంది. శాసనాలు కూడబలుక్కుని చదివే స్థాయి చాలు, ఆ పైన అనువాదాలున్నాయి.

ఇక లోపాలు. పెంకు చూసి గుర్తుపట్టాలంటే దాన్ని చేత్తో పట్టుకోవాలి, అంచు విరిచి భూతద్దంలో మట్టి చూడాలి. ఫొటోలతో ఆ చూపు రాదు. పుదుచ్చేరి మ్యూజియానికి వెళ్లి అద్దాల పెట్టె బయట నిలబడి అరికమేడు జాడీల ముక్కలు చూసినా, స్క్రీన్ మీద కంటే ఎక్కువే తెలిసింది. డిసర్టేషన్ గైడ్‌కి మెయిల్ పెడితే జవాబు వారాలకి వచ్చేది. ఆన్‌లైన్ సెమినార్ బ్రిటన్‌లో సాయంత్రం ఆరింటికి అంటే, చలికాలంలో మనకి రాత్రి పదకొండున్నర. పాత తవ్వకాల నివేదికలు చాలావరకు స్కాన్ కాలేదు. వాటికోసం ఎవరెవరినో బతిమాలుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే బాధ, పట్టా ఇచ్చిన వెంటనే ఆన్‌లైన్ లైబ్రరీ లాగిన్ పీకేశారు. చదువు రుచి తెలిశాక విస్తరి లాగేసినట్టయింది.

ఉద్యోగం, నెట్, పీహెచ్‌డీ లెక్కలున్నవాళ్లు ఈ దారి పట్టొద్దు. దూరవిద్యలో వచ్చిన విదేశీ డిగ్రీకి మన దగ్గర సమాన గుర్తింపు దొరకడం కష్టం. వాళ్లకి పుణె దక్కన్ కాలేజీ లాంటి చోట రెగ్యులర్ ఎంఏ నయం. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రెండేళ్ల పీజీ డిప్లొమా కూడా ఉంది. ఉద్యోగం ఉండి, రాత్రిళ్లు చదివే ఓపిక ఉండి, కేవలం ఇష్టంతో చేసేవాళ్లకి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను, చేరండి. కాకపోతే ఫీల్డ్ స్కూల్ (తవ్వకాల చోట ఇచ్చే శిక్షణ) ఖర్చు ఫీజులో కలిసి ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. నాకు లేదు. విమానం, వీసా, బస అన్నీ సొంతంగానే పెట్టుకున్నాను.